కళింగపట్నంలో ఓడ ఒడ్డుకు రాదు

తొమ్మిదేళ్లుగా ఒక వాక్యం నా గొంతులో ముల్లులా ఉంది. శ్రీకాకుళంలో ఒక రిటైరైన మాస్టారు కళింగపట్నం రేవు గురించి పుస్తకం వేశారు. అందులో "రంగూన్ వెళ్లే కూలీలు ఒడ్డునే ఓడ ఎక్కేవారు" అని రాశారు. కూడబలుక్కుని చదివేవాణ్ణే అయినా, అది తప్పని నాకు తెలుసు. అక్కడ ఒడ్డున లోతు లేదు. పొగ ఓడ దూరంగా లంగరు వేసేది. అక్కడిదాకా జనాన్ని చేర్చింది మా అయ్యలాంటి పడవవాళ్లు. మొన్న 2015 జనవరిలో మాస్టారికి ఫోన్ చేస్తే, పుస్తకం మళ్లీ అచ్చుకు వెళుతోందన్నారు. ఇప్పుడు దిద్దకపోతే ఇక దిద్దరు. ఒకసారి నాతో వచ్చి సముద్రాన్ని చూడమన్నాను. సరేనన్నారు.

నేనుండేది గరివిడిలో. పొద్దున్నే పాసింజరు ఎక్కాను, టిక్కెట్టు పది రూపాయలు. ఆమదాలవలసలో దిగి, శ్రీకాకుళం ఆర్టీసీ కాంప్లెక్సుకు బస్సులో వెళ్లాను. మాస్టారు గొడుగుతో నిలబడి ఉన్నారు. కళింగపట్నం బస్సు గంట ప్రయాణం, మనిషికి ముప్పై రూపాయలయింది. దారిలో మాస్టారు శాలిహుండం కొండ వైపు చెయ్యి చూపించి, పూర్వం అక్కడికి బౌద్ధ భిక్షువులు, వర్తకులు ఎక్కడెక్కడి నుంచో వచ్చేవారని చెప్పారు. నేను పడవవాళ్ల మాట ఎత్తేసరికి మాత్రం తల అడ్డంగా ఊపారు.

"ఆధారం కావాలి బాబాయ్. కాగితం మీద ఏమైనా ఉందా?"

"మా ఓళ్లకి రాతే వస్తే పడవలెందుకు తోస్తారు?" అన్నాను. బస్సులో ఇద్దరు ముగ్గురు నవ్వారు. మాస్టారు నవ్వలేదు.

పదిన్నరకు ఒడ్డుకు చేరాం. నా మేనల్లుడు సూరయ్య, మరో నలుగురు ఫైబరు పడవను నీళ్ల దాకా దించి పట్టుకుని ఉన్నారు.

"ఎందుకు ఆగిపోయారు?" అని మాస్టారు అడిగారు.

"పెద్ద కెరటాలు వరసగా వస్తాయండి. అవి పోనీయాల," అన్నాడు సూరయ్య. "మావా, మాస్టారిని కూడా ఎక్కించీమంటావేటి? పేంటు తడిస్తే నన్ననకు!"

మూడు కెరటాలు విరిగాయి. సముద్రం కాస్త అణిగింది. "తొయ్యండ్రా!" అని అరిచాడు. ఆ సందులోనే పడవ దాటిపోయింది. అయ్య కాలంలో పడవకు మేకు ఉండేది కాదు, పలకల్ని కొబ్బరి తాడుతో కుట్టేవారు. మేకు కొట్టిన పడవ ఆ దెబ్బకు విచ్చుకుపోతుంది. ఎక్కేవాణ్ణి ముందు భుజం మీద ఎత్తుకుని, నడుం లోతు నీళ్లలో నడిచి, పడవలో దించాలి. అయ్య భుజాలు రెండూ కాయలు కాసిపోయాయి.

ఇదంతా మాస్టారికి చెప్పాను. "మా తాత కూడా ఇక్కణ్ణుంచే రంగూన్ ఎళ్లాడు," అన్నారు. ఊరి యాస అప్పుడు బయటపడింది. "పంచె తడవకుండా ఓడ ఎక్కానని సచ్చేదాకా గొప్పలు సెప్పుకున్నాడు."

"ఎందుకు తడవలేదో ఆ మాట సెప్పినాడేటి?"

ఆయన గొడుగు మూసి, మళ్లీ తెరిచారు. తిరుగు బస్సు ఎక్కాక, "ఆలోచించి సెప్తాను బాబాయ్" అన్నారు. అంతే.

మనుషులు ఊరు దాటేది ఆకలికో, దేవుడికో, భయానికో. కొండ మీది భిక్షువులు వచ్చినా, కూలీలు రంగూన్ పోయినా, మధ్యలో ఎవడో ఒకడు నీళ్లలో నిలబడ్డాడు. వెళ్లినవాడి కథ అందరూ చెబుతారు. మా అయ్య ఎందర్నో పంపాడు, తాను మాత్రం రంగూన్ చూడలేదు. ఆ పనిని చరిత్రలో లేకుండా చేస్తే నేను ఊరుకోను.

కళింగపట్నం వెళ్లదలచినవాళ్లకు ఒక్క మాట. అక్కడ సముద్రం చూడ్డానికి మెత్తగా ఉంటుంది, నమ్మకండి. పడవవాళ్లను అడగకుండా మోకాలు దాటి దిగకండి.

మాస్టారూ, మీరిది చదువుతారని తెలుసు. శివరాత్రి లోపల నాకు జవాబు కావాలి. మీ తాతను మోసినవాళ్లు పుస్తకంలో ఉంటారా, ఉండరా?