పొట్ట కొయ్యని పండుగప్పతో ముత్తుకూరు దాకా

వాకాడు దగ్గర సముద్రం పక్కన మాకు పండుగప్ప చేపలు పెంచే గుంటలు రెండున్నాయి. పోయిన పంటలో చేపలకు ఒళ్లంతా ఎర్ర మచ్చలు లేచి సగానికి పైగా చచ్చి తేలాయి. ఈసారి మళ్లీ అవే మచ్చలు కనిపించాయి. ముత్తుకూరులో చేపల రోగాలు చూసే ల్యాబు ఒకటి ఉంది. అక్కడి మేడం గారు ఆ రోగం తెచ్చే బ్యాక్టీరియాకు టీకా తయారు చేస్తున్నారు. "ఊరికో రకం క్రిమి ఉంటుందమ్మా. మీ గుంటలోది కూడా కలిపితే టీకా మీ చేపకు బాగా పనిచేస్తుంది. శుక్రవారంతో టీకాలో కలిపే క్రిమి రకాలు ఎంచడం ముగిస్తాం. ఆలోపు జబ్బు చేపను ఐసులో పెట్టి తీసుకురండి" అని ఫోన్లో చెప్పారు. శుక్రవారం పొద్దున నా భర్త గుంటలకు నీళ్లు మార్చే పనిలో ఉన్నాడు. అందుకే నేను బయలుదేరాను. ఒంటరిగా గూడూరు దాటడం నాకు అదే మొదలు.

మా అత్త కట్టి ఇచ్చిన ఐసు పెట్టె ఒళ్లో పెట్టుకుని వాకాడులో మొదటి బస్సు ఎక్కాను. ఆధార్ కార్డు చూపిస్తే ఆడవాళ్లకు టికెట్టు డబ్బులు లేవు. పెట్టె నుంచి నీళ్లు కారుతుంటే కండక్టరు ఆగి చూశాడు.

"ఏందిమ్మా, పెళ్లి భోజనాలకా?"

"ల్యాబుకి అన్నా. చేపకు జబ్బు."

"చేపకు కూడా ఆస్పత్రి ఉందా! మా ఊళ్లో మనుషులకే లేదే!"

బస్సంతా నవ్వింది. నేను కిటికీ వైపు తిరిగాను. గూడూరులో నెల్లూరు బస్సు పట్టుకుని వెంకటాచలం దగ్గర దిగితే, అక్కడి నుంచి ముత్తుకూరుకు షేర్ ఆటోలు దొరుకుతాయి. మనిషికి నలభై రూపాయలు. పది గంటలకల్లా ల్యాబులో ఉన్నాను.

మేడం గారు పెట్టె మూత తీసి లోపలికి చూశారు. తర్వాత నవ్వు ఆపుకోలేక, "ఇక మసాలా ఒక్కటే తక్కువమ్మా!" అన్నారు. వంగి చూశాను. పొలుసు గీకి, పొట్ట తీసి, కడిగి, ఉప్పూ పసుపూ రాసిన పండుగప్ప. ఐసులో పెట్టే చేపకు ముందు పొట్ట తియ్యాలనేది మా ఇంటి పద్ధతి. అత్త అదే చేసింది. "వెన్నెముకను అంటుకుని మూత్రపిండం ఉంటుంది. క్రిమి బాగా దొరికేది అక్కడే. అదే లేదు" అన్నారు మేడం గారు. ఆవిడ నవ్వు ఆగిపోయింది. "సాయంత్రం నాలుగు దాకా ఉంటాను. ఇంకొకటి తేగలరా?"

అక్కడి కాలేజీలో చదువుకునే పిల్లలు చుట్టూ నిలబడి చూస్తున్నారు. వాళ్ల ముందే ఇంటికి ఫోన్ చేశాను.

"అత్తా, చావుకు దగ్గరగా ఉన్న చేపను ఒకదాన్ని పట్టించు. కొయ్యబాక, కడగబాక."

"పొట్టతోనా? ఆఫీసరమ్మకు అట్టా ఇస్తారా మే? నలుగురూ నవ్వరా?"

"ఇప్పటికే నవ్వినారు. నువ్వు కత్తి ముట్టుకోబాక, అంతే!"

మా పెళ్లయ్యాక అత్తతో అంత గట్టిగా మాట్లాడింది ఎప్పుడూ లేదు. అత్త ఫోన్ పెట్టేసింది. తను ఏమనుకుందోనని మధ్యాహ్నం నేను అన్నం కూడా సరిగా తినలేదు.

మూడు దాటాక నా భర్త బండి గేటు ముందు ఆగింది. వెనక మా అత్త! ఒళ్లో మూత డబ్బా. అందులో గుంట నీళ్లు, ఒక చేప. చేపకు గాలి అందాలని, కోట ఊరి మీదుగా దారి పొడవునా చేత్తో నీళ్లు కదుపుతూనే వచ్చిందట.

"చచ్చిందా అత్తా?"

"నా చెయ్యి చచ్చింది గానీ చేప చావలా!"

మేడం గారు మమ్మల్ని అద్దం ఇవతల నిలబెట్టి చేపను కోశారు. మూత్రపిండంలోంచి సూది మొనంత తీసి గాజు పళ్లెం మీద గీశారు.

"ఇంత దూరం మోసుకొస్తే అంతేనా తీసుకునేది?" అంది అత్త, ఆవిడ బయటికి రాగానే.

"అది చాలమ్మా, పళ్లెంలో క్రిమి పెరుగుతుంది. దాన్ని చంపి టీకా చేస్తాం. చచ్చిన క్రిమిని చూసి చేప ఒళ్లు కాచుకోవడం నేర్చుకుంటుంది."

"చచ్చినోడ్ని చూపించి బతికినోడితో కొట్లాట నేర్పిస్తారన్నమాట" అంది అత్త. ఇంతకన్నా బాగా నాకెవరూ టీకా గురించి చెప్పలేదు.

సోమవారం ఫోన్ వచ్చింది. మా క్రిమి పళ్లెంలో బాగా పెరిగిందట, టీకాలో చేరుస్తున్నారట. ఇప్పుడు గుంటలో ఉన్న చేపలను అది కాపాడలేదు. ముందు ల్యాబు తొట్లలో చేప పిల్లలకు వేసి చూడాలి, ఆ తర్వాతే మా దాకా వస్తుంది. వస్తుందనే నా నమ్మకం. ఆ మాట ఊళ్లో నలుగురి ముందూ తల ఎత్తి చెబుతున్నాను. దారి తెలిసింది కాబట్టి ఇకమీదట పక్క గుంటల వాళ్ల జబ్బు చేపలను కూడా పరీక్షకు నేనే తీసుకెళ్తాను.

మీరూ వెళ్లేటట్టయితే ఒక్క మాట: జబ్బు చేపను కొయ్యకుండా, కడక్కుండా, వీలైతే ప్రాణంతోనే తీసుకెళ్లండి. మా అత్త ఇప్పుడు గుంట గట్టుకు వచ్చేటప్పుడు కత్తి ఇంట్లోనే పెట్టి వస్తోంది.