గినీ దేశపు గోనెలో దొరికిన మొలతాడు

మొన్న సాయంత్రం మా మనవరాలు, అంటే మా పెద్దమ్మాయి కూతురు, టెక్కలిలో డిగ్రీ చదువుతోంది లెండి, సెలవులకని వచ్చి అరుగు మీద నా పక్కన చేరి, ప్రపంచంలో ఎవరూ పెద్దగా వెళ్లని దేశాలట అమ్మమ్మా, చూడు, అంటూ ఫోను నా కళ్ల ముందుకు తెచ్చింది. మంచు తప్ప మరేమీ లేని దీవి ఒకటి, మనుషుల కన్నా మేకలు ఎక్కువున్న కొండ ఒకటి అయ్యాక, ఎర్రమట్టి దారీ, దారికి రెండు పక్కలా జీడిచెట్లూ కనిపించాయి. ఇదెక్కడో మన మందస రోడ్డులా ఉందే అనుకుంటుండగానే ఫోనులో మాట్లాడే అమ్మాయి గినీ బిస్సావ్ అంది.

"ఈ పేరెప్పుడైనా ఇన్నావేటే అమ్మమ్మా?" అని నవ్వింది మనవరాలు.

"ఇనడమేటే, ఆ దేశంతో మనకి చుట్టరికమే ఉంది" అన్నాను. అది ఫోను పక్కన పెట్టేసింది. ఈ కాలం పిల్లల చేత ఫోను పక్కన పెట్టించగలిగిన కథ కాబట్టి, మా ఈడు వాళ్లకు కూడా చెబితే తప్పులేదనిపించింది.

పాతికేళ్ల కిందటి తుపానుకు మా ఉద్దానం జీడితోటలు సగం నేలపాలయ్యాక, ఇక్కడి జీడిపిక్కలు పలాస ఫ్యాక్టరీలకు చాలక, ఓడల మీద పైదేశాల పిక్కలు రావడం మొదలైన రోజులవి. మా అత్తా నేనూ ఊరి నుంచి ఆటోలో కూరుకుని పోయి ఒక జీడి ఫ్యాక్టరీలో కళ్లం పని చేసేవాళ్లం. కళ్లం పని అంటే గోనెలు విప్పి పిక్కలు ఎండలో పరచడం, రాళ్లూ పుల్లలూ ఏరడం, పూటకోసారి తిరగెయ్యడం. ఏ దేశపు పిక్కను ఆ దేశం వరకే విడిగా ఆరబెట్టాలి, కలిపితే యజమాని ఊరుకోడు. గుమస్తా గోనె మీది అక్షరాలు చదివి, ఇది టాంజానియా, ఇది బెనిన్, ఇది గినీ బిస్సావ్ అని చెప్పిపోయేవాడు. ఇక ఆ రోజంతా ఆ పిక్కలు ఆరబోసిన మడికి అదే పేరు. గినీ పిక్క చూపుకు చిన్నది, పప్పు మాత్రం తీపి. నాకు ఇప్పటికీ నోట్లో ఉంది ఆ రుచి, తినకూడదన్నా తినేవాళ్లం మరి.

ఆ కళ్లంలో మేము తిరిగినన్ని దేశాలు ఏ రాజులూ తిరిగి ఉండరు. అన్నం టాంజానియాలో తిని, టీ బెనిన్‌లో తాగి, గినీలో నీడ వాలిందని అక్కడికి పోయి కాళ్లు చాపుకునేవాళ్లం. మేఘం పట్టిందంటే, ఓలమ్మో బెనిన్‌లో చినుకులు పడతన్నాయి, రండర్రా అని కేకలు. కోడలి మీద అలిగిన ఒక ముసలామె రోజల్లా టాంజానియా విడిచి రాలేదు. చదువా, మాకు సంతకానికి మించి లేదు. అయినా ఆ దేశాల ఆడవాళ్ల గురించి మేము మాట్లాడుకోని సంగతి లేదు. వాళ్లు గంజి వారుస్తారా, అత్తలు వాళ్లనీ సాధిస్తారా, జీడిపాలు తగిలి వాళ్ల వేళ్లూ మనలాగే నల్లబడతాయా అని.

అలాంటి ఒకరోజు గినీ గోనె దులుపుతుంటే పిక్కల మధ్య నుంచి ఒక పూసల పేట జారి మా అత్త పాదాల మీద పడింది. ఆవగింజల కన్నా కాస్త పెద్ద పూసలు, ఎరుపూ తెలుపూ నీలమూ, గట్టి దారానికి ఒత్తుగా గుచ్చి ఉన్నాయి. అంతకుముందు ఆ గోనెల్లో మాకు గవ్వలు దొరికాయి, సీసా మూతలు దొరికాయి, ఒకసారి ఒంటి చెప్పు దొరికింది, అన్నిటికీ నవ్వుకున్నాం. దీనికి మాత్రం మా అత్త నవ్వలేదు. చేతిలోకి తీసుకుని మట్టి తుడిచి, "ఓలమ్మా, ఇది గుంటల మొలతాడే" అంది. గుంటలంటే మా వైపు పిల్లలు లెండి.

ఆ మాటతో కళ్లమంతా చుట్టూ మూగింది. చంకన బిడ్డనేసుకుని ఎవరో తల్లి తోటలో పిక్కలేరుతుంటే ముడి ఊడి గోనెలో పడిపోయి ఉంటుందని అందరం తేల్చేశాం. మా అత్తకు ఆ పూట అన్నం సయించలేదు. మా ఆయన కన్నా ముందు ఆవిడకొక బిడ్డ పుట్టి పోయింది. ఆ వారమే బిడ్డ మొలతాడు ఎక్కడో జారిపోయిందని, కొత్తది కట్టేలోపే జ్వరం వచ్చిందని ఆవిడ మనసులో ఉండిపోయింది. అది మాకు ఎప్పుడోగాని చెప్పలేదు. ఇప్పుడు ఏ తల్లో బిడ్డ మొల బోసిగా పెట్టుకుని ఆ దేశంలో వెతుక్కుంటోందని ఆవిడ దిగులు. ఎలాగైనా ఇది ఆ తల్లికి చేరాలి, అంతే.

ఇంటికి తెచ్చి, పురిటికి వచ్చి ఉన్న మా పెద్దమ్మాయి బిడ్డ, అంటే ఈ మనవరాలే, దాని మొలకు కొలిచి చూసింది. మూడు చుట్లు తిరిగి ఇంకా మిగిలింది. ఇది పసిపిల్లది కాదేమో అత్తా అని నేనంటే, "ఆ దేశంలో గుంటలు బొద్దుగా ఉంటారు కాబోలే" అంది. ఆ మాటకు తిరుగులేదు. పసుపు నీళ్లతో కడిగి, కుంకం బొట్టు పెట్టి, దేవుడి గూట్లో దీపం పక్కన పెట్టింది. ఆ బిడ్డ చల్లగా ఉండాలని రోజూ మా చేత దణ్ణం పెట్టించింది.

మా మరిది ఓడల మీద వంటవాడు. మా వైపు కుర్రాళ్లు చాలామంది అలా పోతారు, మీకు తెలుసు. వాడు బయలుదేరే రోజున అత్త ఆ పేట గుడ్డలో మూటగట్టి చేతిలో పెట్టింది.

"అమ్మా, ఆ దేశం ఏ మూలున్నాదో నాకే తెల్దే" అన్నాడు వాడు.

"నీళ్ల మీదే కదరా తిరుగుతావు, దారిలో దిగి ఇచ్చేసి రా" అంది, కాశీబుగ్గ బస్టాండులో దిగి వక్కలు కొనుక్కురా అన్నంత సులువుగా.

ఆ ఏడు వాడి ఓడ వేరే సముద్రాలకు పోయింది. వాడు తెచ్చిన సబ్బులూ సెంటు సీసాలూ అత్త కన్నెత్తి చూడలేదు. ఇచ్చినావేటి అని అడిగింది, లేదంటే మూట తీసుకుని మళ్లీ గూట్లో పెట్టింది. మా అమ్మాయి బిడ్డ పాకింది, నిలబడింది, దాని ప్రతి ముచ్చటకీ అత్త, అక్కడి బిడ్డ కూడా ఈపాటికి నిలబడుంటాది అనేది. కళ్లంలో ఆడవాళ్లు కూడా గినీ గోనె విప్పినప్పుడల్లా ఆ బిడ్డెలా ఉందో అనుకునేవారు. చూడని బిడ్డ ఒకతె మా అందరి చేతుల్లో పెరిగింది.

మరుసటి ప్రయాణంలో వాడి ఓడ జీడిపిక్కలు ఎత్తుకోవడానికి సరిగ్గా ఆ రేవుకే పోయింది. వాడు ఇంటికి వచ్చిన రోజున సంచి దించకుండానే అరుగంతా జనం. తోటలు అచ్చం మన ఉద్దానమేనని, రేవుకు ఎదురుగా సముద్రం నిండా చిన్నచిన్న దీవులని, జీడిపళ్లు పిండి డ్రమ్ములకు పట్టి సారా కాస్తారని, పైదేశం మనిషి వచ్చాడంటే పిల్లలు వెంట పడతారని చెబుతుంటే, అత్త "అవన్నీ తరవాత, తల్లి కనబడిందేటి?" అంది.

వాడు తల పట్టుకుని కూర్చున్నాడు. "ఏటి సెప్పమంటావే అమ్మా, అది పట్టుకుని ఇదెవరిదమ్మా, ఇదెవరిదమ్మా అని బజారంతా తిరిగేసినాను. ఆడోళ్లు నవ్వి నవ్వి బుట్టల మీద పడిపోనారు. ఇంగిలీసు ముక్కలొచ్చినోడొకడు పక్కకి లాగి సెప్పినాడు. అది గుంటలది కాదు, పెద్ద ఆడోళ్లది. నడుంకి బట్ట లోపల కట్టుకుంటారంట. మొగుడు తప్ప ఇంకోడు సూడకూడదంట. ఒదినా, మన కాశీబుగ్గ సంతలో ఎవడో రవిక కర్రకి కట్టి ఇదెవరిదమ్మా అని తిరిగితే ఎలగుంటాది? అలగున్నాది నా బతుకు."

ఆ రోజు మా అరుగు మీద లేచిన నవ్వు రెండు వీధులకు వినిపించి ఉంటుంది. ఓలమ్మో, దేముడి గూట్లో ఎట్టినామే, దణ్ణాలెట్టినామే అని మా ఆడపడుచు నేల మీద దొర్లింది. నాకు కళ్ల వెంట నీళ్లు. ఆ నవ్వుల మధ్య మా అత్త ఒక్కతే నవ్వకుండా కొడుకు మొహంలోకి చూస్తూ కూర్చుంది.

"అయితే అది గుంటలది కాదంతావు" అంది.

"కాదే అమ్మా."

"అయితే ఏ గుంటకీ మొల బోసిపోనేదన్నమాట."

ఆవిడ కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. ఏడుస్తోందేమోనని నేను దగ్గరకు జరిగేసరికి కొంగు వెనక భుజాలు కదిలిపోతున్నాయి, ఆవిడ నవ్వుతోంది. ఆ ఇంట్లో అడుగుపెట్టినప్పటి నుంచి ఆవిడ అలా నవ్వడం నేను చూడలేదు.

వాడు అప్పుడు జేబులోంచి ఒక చిన్న పొట్లం తీశాడు. బజారులో పూసలమ్ముకునే ఒక ముసలావిడ మాత్రం నవ్వు ఆపి, ఎందుకు తెచ్చావని చేతులతో అడిగిందట. వీడు ఊయలూపినట్టు చేసి, మొల చూపించి, మా అమ్మ పంపింది అని తెలుగులోనే చెప్పాడట. ఆవిడకు అర్థమైంది. ఆ పేట తన దగ్గర ఉంచుకుని, బుట్టలోంచి పిడికెడంత చిన్న పేట ఒకటి తీసి ఇచ్చింది. అక్కడ పసిపిల్లలకూ కడతారట. మా అత్త దాన్ని ఆ పూటే మా మనవరాలి మొలకు కట్టింది, సరిగ్గా సరిపోయింది. ఏళ్లు గడిచాక దారం తెగి ఆ పూసలు కొబ్బరి తోటలో ఎక్కడో రాలిపోయాయి. అప్పటికి అత్త కూడా లేదు.

ఇప్పుడు పలాస ఫ్యాక్టరీల్లో గోనె విప్పడం దగ్గర నుంచి పప్పు వేరు చేయడం వరకూ మిషన్లే ఎక్కువ. మంచిదే, వేళ్లు కాలవు, నడుములు పడిపోవు. కానీ జల్లెడ మిషన్ రాయినీ పుల్లనీ ఒక పక్కకు తోసేస్తుంది, పూసల పేట పడినా అటే తోస్తుంది, ఎవరిదమ్మా ఇది అని అడగదు. కుర్రాళ్లు ఫోనులో ఏ దేశమైనా చూస్తారు, చూసి పైకి జరిపేస్తారు. మేము ఏ దేశమూ చూడలేదు, ఒక్క దేశం కోసం మాత్రం రెండేళ్లు దిగులుపడ్డాం.

ఇదంతా విని మనవరాలు ఫోను మళ్లీ తీసి ఆ ఎర్రమట్టి దారి వెతికింది. జీడిచెట్ల కింద ఒకావిడ చంకన బిడ్డతో నడిచి పోతోంది. ఆపు ఆపు, పెద్దది చెయ్యి అన్నాను. కళ్లజోడు తుడుచుకుని ఆ బిడ్డ మొల వైపు చూశాను. చొక్కా వేసి ఉంది, కనబడలేదు.