రెండు ముక్కల జవాబు

తార్నాకలో మా ఇంటి నుంచి యూనివర్సిటీ కంప్యూటర్ సెంటర్‌కి నడిస్తే పావుగంట. అక్కడ జీతం కోసం చేసే పని వేరు, మనసు పెట్టి చేసే పని వేరు. ఎవరైనా ఉచితంగా వాడుకోగలిగే ఒక డేటాబేస్ సర్వర్ ఉంది. దాన్ని, అది నడవడానికి కావలసిన సరంజామాతో సహా ఒకే డబ్బాలో సర్ది, ఎవరి కంప్యూటర్‌లోనైనా ఒక్క కమాండ్‌తో నడిచేలా చేస్తాం. ఆ సర్దిన దాన్ని కంటైనర్ ఇమేజ్ అంటారు, దాన్నుంచి నడిచే డబ్బాని కంటైనర్ అంటారు. ‘ఇది మాదే’ అని ప్రాజెక్టు ముద్ర వేస్తే అది అధికారిక ఇమేజ్. దాన్ని చూసుకునే నలుగురిలో నేనొకణ్ణి. మిగతా ముగ్గురి ముఖాలు ఇంతవరకు చూడలేదు.

ఈ పనిలో చాదస్తం ఎక్కువ. అక్కర్లేని ఫైలు ఒక్కటి లోపలికి వెళ్తే వారం రోజులు వాదించుకుంటాం. వంటింటి డబ్బాల జోలికి మా ఆవిడ నన్ను రానివ్వదు గానీ, ఈ డబ్బా విషయంలో నన్ను మించినవాడు లేడని నా నమ్మకం.

వాడేవాళ్ళు ప్రశ్నలు అడగడానికి ఒక పేజీ ఉంది. సగం ప్రశ్నలు మేం రాసిపెట్టింది చదవకుండా అడిగేవే. అందుకని మాకో అలవాటు పడింది. ‘డాక్యుమెంటేషన్ చదవండి’ అని రాసి, ప్రశ్న మూసేయడం. అందరికన్నా వేగంగా మూసేది నేను. టీ చల్లారేలోపు ఐదారు మూసి చేతులు దులుపుకునేవాణ్ణి. అసలే నాకు ఓపిక తక్కువ.

ఒకరోజు పొద్దున ఎవరో మారుపేరుతో ఇంగ్లిషులో రాశారు. కొత్త వెర్షన్ కోసం పాత కంటైనర్ తీసేశాను, డేటాబేస్ ఖాళీగా కనిపిస్తోంది, తిరిగి తెచ్చుకునే దారి ఉందా అని. అలాంటివి వందసార్లు చూశాను. ఆ రెండు ముక్కలే రాసి మూసేశాను.

నెల తర్వాత ఒక మధ్యాహ్నం చరిత్ర విభాగంలో పీహెచ్‌డీ చేస్తున్న అమ్మాయి లాప్‌టాప్ పట్టుకుని మా సెంటర్‌కి వచ్చింది. మౌలాలిలో గది తీసుకుని ఉంటోందట. రెండేళ్ళు ఊళ్ళు తిరిగి, పదకొండు మంది ముసలి మంత్రసానులతో మాట్లాడి, వాళ్ళు చెప్పిందంతా టైప్ చేసి మా డేటాబేస్‌లోకే ఎక్కించింది. ఫోన్ నిండిపోతుంటే, టైప్ చేయడం అయిపోయిన రికార్డింగులు ఎప్పటికప్పుడు తీసేసింది. ఆమె థీసిస్ మొత్తం దాని మీదే నిలబడి ఉంది.

“కొత్త వెర్షన్ ఏద్దామని పాత కంటైనర్ తీసేసిన సార్. అంత పోయింది. ఏమన్న చేయొస్తదా?”

“భయపడకమ్మా, ఉంటుంది” అన్నాను ధీమాగా. ఆ ధీమాకు కారణం ఉంది. మా ఇమేజ్‌ను అలాగే సర్దాం. డేటా డబ్బాలో ఉండదు. పక్కనే పేరులేని ఒక అరలో ఉంటుంది. డబ్బా పారేసినా ఆ అర పోదు. కొత్త డబ్బాకి దాని జాడ తెలియదు కాబట్టి ఖాళీగా కనిపిస్తుంది, అంతే. పట్టుబట్టి ఆ ఏర్పాటు చేయించింది నేనే. కానీ ఆమె లాప్‌టాప్‌లో ఎంత వెతికినా ఆ అర కనబడలేదు.

“ఇంకేమైనా తీసేశావా?”

“తీసేసిన సార్. గాడ ప్రశ్నల పేజీల అడిగితే ఒకాయన జవాబిచ్చిండు. అది చూసినంక ఇగ రాదనుకున్న. తెల్లారి, వాడకంల లేనియన్ని పోయే కమాండ్ కొట్టి, మల్ల మొదటి నుంచి పెట్టుకున్న.”

ఆ కమాండ్‌తో పేరులేని అర కూడా తుడిచిపెట్టుకుపోయిందన్నమాట. ఆమె ఫోన్‌లో ఆ పేజీ తీసి చూపించింది. నా రెండు ముక్కలు. వాటి పక్కన నేను పెట్టుకున్న మారుపేరు. నాకు తల కొట్టేసినట్టయింది. ఆ పేరు నాదని ఆమెకి తెలియదు. కిమ్మనకుండా ఊరుకుందామని కాసేపు అనిపించింది. ఇప్పటికీ ఆ కాసేపే నన్ను ఎక్కువ బాధపెడుతుంది.

“అది కొట్టకముందు ఉండెనా సార్?”

“ఉండేది. తిరిగి తేవడం ఐదు నిమిషాల పని.”

ఆమె తల వంచుకుంది. “ఎవరినన్న మంచిగ అడగాల్సుండె.”

“అడిగావమ్మా. ఆ జవాబు రాసింది నేనే.”

తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండేది. ఆమె ఫోన్ వైపు ఒకసారి, నా వైపు ఒకసారి చూసి లాప్‌టాప్ మూసింది. ఊరుకోలేక నేనే మాట్లాడాను. మళ్ళీ ఆ ఊళ్ళకు వెళ్దామన్నాను, సెలవు పెట్టి వస్తానన్నాను, టైపింగంతా నేనే చేస్తానన్నాను.

ఆమె అంతా విన్నది.

“పోవచ్చు సార్” అంది. “పదకొండు మందిల నలుగురు ఇప్పుడు లేరు.”