మిగతాది వచ్చే శనివారం

మా తమ్ముడు పోయాడు. మొన్న శనివారం మధ్యాహ్నం అన్నం తిని నడుం వాల్చినవాడు మళ్ళీ లేవలేదు. వాణ్ణి ఎరిగినవాళ్ళ కోసం ఈ నాలుగు మాటలు.

చిన్నప్పుడే అమ్మవారు పోసి వాడి రెండు కళ్ళూ పోయాయి. నాన్న పోయాక, మైపాడు దగ్గరి మా ఊళ్ళో, పెదనాన్న పంచన పెరిగాం. తమ్ముడు పగలంతా పశువులకు పగ్గాలు పేనేవాడు. యాభైల చివర్లో అనుకుంటాను, చూపులేని పిల్లలకు వేళ్ళతో చదవడం నేర్పే బడి మద్రాసులో ఉందని మా పంతులుగారు చెప్పారు. ఆ రోజు నుంచి వాడికి అదే ధ్యాస.

"గుడ్డోడికి చదువేందిరా? పగ్గాలు మీ నాయనొచ్చి పేనతాడా?" అన్నారు పెదనాన్న. వాడు వదలకపోయేసరికి, అరుగు మీద నలుగురూ నవ్వేట్టు, "పులిజూదంలో నన్ను గెలువు, పంపిస్తా" అన్నారు.

అరుగు బండ మీద చెక్కిన గీతలన్నీ వాడి వేళ్ళకు కంఠతా వచ్చు. పులులకు గవ్వలు, మేకలకు చింతపిక్కలు. మేకలు వాడివి. చచ్చిన మేకను కూడా వాడే తడిమి తీసేవాడు. పెదనాన్న చెయ్యి వాటికి తగలాల్సిన పనే లేదు. అయినా తమ్ముడు ఓడిపోయేవాడు. పెదనాన్న చప్పుడు లేకుండా మేకలను తీసి పంచె మడతలో దోపుకునేవారు. అందరూ చూసేవారు. ఒక్కరూ పలికేవారు కాదు.

ఒక రాత్రి ఆ సంగతి వాడి చెవిలో వేశాను. "తెలుసక్కా" అన్నాడు తమ్ముడు. "నేను చెప్తే గుడ్డోడి మాట. ఆయన పంచె చెప్పాల."

మర్నాడు దేవుడి దీపం మసిని ఆముదంలో కలిపి చింతపిక్కలకు పట్టించాను. దణ్ణం పెట్టుకునే పట్టించాను.

ఆట సగంలో పెదనాన్న తెల్ల పంచె మీద, నడుం దగ్గర, నల్లటి మరకలు లేచాయి. ముందు నవ్వింది పెద్దమ్మ.

"ఏందయ్యా, మేకలు నీ బొడ్లో మేస్తన్నాయా?"

అరుగంతా నవ్వింది. దాచిన మేకలు బయటికొచ్చాయి. తమ్ముడు గెలిచాడు. నలుగురిలో ఇచ్చిన మాట కనక పంపక తప్పలేదు.

వాడు అక్కడే చదివి, అక్కడే పాఠాలు చెప్పి, చుక్కల పుస్తకాల పెట్టెతో ఊరు చేరాడు. వాసన పట్టి నా పూజకు పూలు కోసుకొచ్చేవాడు. అప్పటికి నీటికాసులతో పెదనాన్న చూపు పోయింది. శనివారం సాయంత్రాలు తమ్ముడు అదే అరుగు మీద ఆయనకు కథ చదివేవాడు. సరిగ్గా దొంగ గోడ దూకబోయే చోట పుస్తకం మూసేవాడు.

"తర్వాతేమైందిరా?"

"మిగతాది వచ్చే శనివారం, పెదనాన్నా."

"నేను చచ్చేలోపల చెప్తావా?"

"తొందరేంది? అందాకా పగ్గాలు పేనుకుంటా ఉండండి."

నేను కసిరితే నవ్వేవాడు. "పగను పారేయకూడదక్కా. ఉప్పుచేప మాదిరి ఎండబెట్టి దాచుకోవాల. కొంచెం కొంచెం తినాల."

చివరి కథ సగంలో ఉంది. "ఆ చుక్కలు చదివేవాళ్ళు ఇంకెవురూ లేరా అమ్మా?" అని పెదనాన్న రోజూ అడుగుతున్నారు.

"లేరు పెదనాన్నా" అంటున్నాను.

తమ్ముడు నాకూ నేర్పాడు ఆ చుక్కలు. పూజలో అందరికీ శాంతి కోరతాను. పెదనాన్నకు మాత్రం నిండు ఆయుష్షు కోరతాను.

ఈ సాయంత్రం కూడా ఆయన అరుగు మీదే కూర్చున్నారు, ఒళ్ళో పుస్తకంతో. వేళ్ళు చుక్కల మీద పోతున్నాయి, వస్తున్నాయి. దొంగ ఇంకా గోడ మీదే ఉన్నాడు.