మామ్మగారు ఊదిన ఊపిరి

కరోనా సద్దుమణిగిన ఏడాది. అమలాపురంలో ఒక ఊపిరితిత్తుల డాక్టరుగారి దగ్గర ఫిజియోథెరపిస్టుగా చేస్తున్నాను. అంతర్వేది నుంచి భవాని అనే పన్నెండేళ్ళ పిల్ల వచ్చేది. అమ్మానాన్నలు రొయ్యల చెరువుల మీద పనికి పోతే, పిల్లను కనిపెట్టుకుని ఉండేది మామ్మ సత్తెమ్మగారు.

భవానికి సిస్టిక్ ఫైబ్రోసిస్. పుట్టుకతో వచ్చే జబ్బు. ఊపిరితిత్తుల్లో కఫం జిగురులా పట్టేసి మాటిమాటికీ ఇన్ఫెక్షన్ వస్తుంది. ఆలస్యమైతే కొంత ఊపిరి పోతుంది, పోయిందంతా తిరిగి రాదు. ముందే పసిగట్టాలని ఇంటికి చిన్న స్పైరోమీటర్ ఇచ్చాం. గట్టిగా ఊదితే మొదటి సెకనులో ఎంత గాలి వచ్చిందో లీటర్లలో చూపిస్తుంది. ఆ అంకె రోజూ పొద్దున్నే నా ఫోనుకు వచ్చేది.

ఆ ఉదయాలు ఇప్పటికీ కలలాగే గుర్తు. కిటికీ అవతల కొబ్బరితోట మంచులో కరిగిపోయి ఉండేది. ఎక్కడో గోదారి సముద్రంలో కలిసేచోట ఒక పిల్ల ఊపిరి వదిలితే, అది కాలవలన్నీ దాటుకుంటూ నా వంటింటిదాకా వచ్చిందనిపించేది. 1.4. మర్నాడూ 1.4. మా దగ్గర మొదటిరోజు ఊదిందీ అంతే. హమ్మయ్య అనుకుని కాఫీ తాగేదాన్ని. మూడు వారాలు అంకె కదలకపోతే అనుమానం రావద్దూ? రాలేదు, బుద్ధి లేక.

శభాష్ చెబుదామని ఒకరోజు ఫోను చేశాను. మామ్మగారి మాటల వెనక తడి దగ్గు, ఆగకుండా. వెంటనే బండి తీశాను.

భవాని చాప మీద ముడుచుకుని ఉంది. "బాగానే ఊదుతున్నావు కదే, ఈ దగ్గేంటి?" అన్నాను. పిల్ల మామ్మ వంక చూసింది.

"ఆయ్, ఊదేది నేనేనండీ," అన్నారు సత్తెమ్మగారు, ఏ దాపరికం లేకుండా. "ఊదబోతే దానికి దగ్గొచ్చేత్తందండీ. గుళ్ళో దాని పేర ప్రదక్షిణాలు నేనే చేత్తాను గదండీ, ఆ పుణ్యం దానికే చేరుద్ది. ఇదీ అంతేననుకున్నానండీ. తలారా తానం చేసి, దాని పేరు చెప్పుకుని ఊదుతున్నానండీ."

తిట్టబోయాను. మిషన్ దేవుడి గూట్లో, పసుపు గుడ్డ మీద ఉంది. బటన్లు నొక్కడం నేర్పాను గానీ, ఇది మందు కాదమ్మా, కొలత అని ఒక్కసారైనా చెప్పానా? బక్క ప్రాణం మామ్మగారి ఊపిరి, పిల్ల పాత అంకెకు సరిగ్గా సరిపోయింది, అంతే.

"నువ్వైనా చెప్పలేదేమే?"

"చెబితే మామ్మ ఏడుత్తాదండీ."

పిల్ల చేత ఊదించాను. 0.9.

"అయితే నా ఊపిరి దానికి చేరలేదాండీ?" అని అడిగారు మామ్మగారు. నాకు కళ్ళనీళ్ళు ఆగలేదు.

ఆ సాయంత్రమే ఆసుపత్రిలో చేర్పించాం. రెండు వారాలు నరానికి యాంటీబయాటిక్స్ ఎక్కించారు. దగ్గు తగ్గింది, పిల్ల మళ్ళీ బడికి వెళ్ళింది. కానీ ఊపిరి 1.2 దగ్గర ఆగిపోయింది. తక్కువైన ఆ కాస్తా నేను నిశ్చింతగా కాఫీ తాగిన మూడు వారాల్లో పోయిందే. ఆ మాట మామ్మగారికి చెప్పలేదు, నాకు నేను చెప్పుకుంటూ ఉంటాను.

ఇప్పుడు మిషన్ ఇచ్చేముందు ఇంటిల్లిపాదినీ కూర్చోబెడతాను. "దేవుడి చుట్టూ బిడ్డ బదులు మీరు తిరగండి, వద్దనను. ఇది మాత్రం బిడ్డే ఊదాలి. ఎంత తక్కువొచ్చినా ఎవర్నీ ఏమీ అనను. ఆ తక్కువే నాకు కావాలి," అంటాను.