బరువు చూసి కొన్న పిస్టల్

పిస్టల్ అంటే నిజంది కాదు. ప్లాస్టిక్ పూసలు విసిరే ఎయిర్‌సాఫ్ట్ ఆట వస్తువు. మేం వచ్చి స్థిరపడ్డ ఈ దేశంలో దానికి లైసెన్సు అక్కర్లేదు. అయినా మా అమ్మాయి మొదటిసారి అడిగినప్పుడు ఇల్లు ఎగిరిపోయేలా అరిచాను. దానికి పదహారేళ్లు. నేను డ్రోహెడా ఆసుపత్రిలో నర్సుని. నా డ్యూటీలకూ దాని బడికీ పొంతన కుదరక, ఏడాదిగా మా మాటలన్నీ ఫ్రిజ్ మీద అంటించిన చీటీలే. అలాంటిది వేసవి సెలవుల ముందు తనంతట తానే వచ్చి, "మామ్, విల్ యూ బిల్డ్ వన్ విత్ మీ?" అంది. చవకలో మామూలు పిస్టల్ ఒకటి కొని, విప్పి, చెక్క పిడి బిగించి, పైభాగాన్ని ఆకురాయితో రుద్ది మనకు నచ్చినట్టు మార్చుకోవాలట.

ఒప్పుకున్నాను. "కానీ చూసి కొనేది నేనే" అన్నాను. ఆ ఒక్క మాట అనకుండా ఉండాల్సింది.

క్లాండాల్కిన్‌లో గోడౌన్ల మధ్య ఉన్న ఎయిర్‌సాఫ్ట్ దుకాణానికి వెళ్లాం. నెల రోజులు నెట్‌లో చదివి అమ్మాయి ఒకటి ఎంచి పెట్టుకుంది. తేలికపాటి ప్లాస్టిక్‌ది, కళాకాంతీ లేనిది. దాని విడిభాగాలు ఎక్కడైనా దొరుకుతాయట, ఎవరు చేసినవైనా సరిగ్గా సరిపోతాయట. చేతిలోకి తీసుకుంటే సబ్బుపెట్టెలా ఉంది. పక్కనే అదే ధరకు లోహంది ఇంకొకటి. ఎత్తితే మణికట్టు కిందికి లాగింది.

స్టీలు గిన్నె అయినా ఇత్తడి బిందె అయినా అరచేతిలో తూచి చూడకుండా మా ఇంట్లో ఎవరూ కొనలేదు. తేలిగ్గా ఉంటే మా అమ్మ అక్కడే పెట్టేసి పక్క కొట్టుకు నడిచేది. నేనూ తేలికదాన్ని అక్కడే పెట్టేశాను.

"మామ్, దట్స్ చీప్ మెటల్. నథింగ్ ఫిట్స్ ఇట్," అంటూ అమ్మాయి సంచిలోంచి ఏదో మడత కాగితం తీసింది.

"నువ్వూరుకో. ఏది గట్టిదో నాకు తెలీదా? ఇరవై ఏళ్లుగా సంసారం చేస్తున్నా."

కాగితం మళ్లీ సంచిలోకి పోయింది. కౌంటర్ దగ్గరి పెద్దాయన కూడా, మార్పులు చేసుకోవడానికైతే తేలికదే నయమన్నాడు. సరుకు అంటగడుతున్నాడనుకున్నాను. రెండిటి ధరా ఒకటేనని అప్పుడు నా బుర్రకు తట్టలేదు.

మొదటి శనివారం, తెప్పించిన చెక్క పిడిలో ఒక్క రంధ్రమూ కలవలేదు. రెండో శనివారం స్ప్రింగు పొట్టిదైంది. మూడో శనివారం ఆకురాయి పెడితే పైన రంగు లేచిపోయి, కింద బూడిదరంగు మెత్తటి లోహం బయటపడింది. ఆకురాయి పళ్లన్నీ దానితో పూడుకుపోయాయి. విసుగెత్తి, దాన్ని బల్లకు పట్టి ఉంచిన క్లాంపు ఇంకాస్త బిగించాను. టక్‌మని పైభాగం రెండు ముక్కలైంది. పోతపోసినవాణ్ణీ అమ్మినవాణ్ణీ కలిపి తిట్టాను. అమ్మాయి తాపీగా బల్ల మీది లోహపు పొడి తుడవసాగింది. దాంతో నాకు ఒళ్లు ఇంకా మండింది.

"పోనీలేవే, నువ్వన్నదే కొందాం" అన్నాను చివరికి.

"ఇట్స్ గ్రాండ్, మామ్," అంది. ఇక్కడివాళ్ల మాటలో 'పర్లేదులే' అని. ఆకురాళ్లు ప్రెస్‌లో, అదే వంటింటి అలమరలో పెట్టి, తలుపు మూసి మేడెక్కింది.

మర్నాడు అది స్నేహితుల దగ్గరికి వెళ్లాక బల్ల సర్దాను. పిస్టల్ పెట్టె అడుగున ఆ మడత కాగితం ఉంది. గళ్ల కాగితం మీద తేలికపాటి పిస్టల్ బొమ్మ, ప్రతి భాగం పక్కనా ఎవరి పనో రాసి ఉంది. పిడి అమ్మది, రుద్దడం తనది, రంగు ఇద్దరిదీ. కింద, ఫ్రిజ్ మీది నా డ్యూటీ చార్టు చూసి, వేసవంతా నాకు సెలవున్న శనివారాలు ఎత్తి రాసుకుంది. మొత్తం మూడే. మూడోది నిన్నటితో అయిపోయింది.