గోదారి మధ్యలోంచి వెనక్కి తిరిగిన పడవ

నా చిన్నప్పుడు మాకు విదేశం గోదారికి అవతలి ఒడ్డున ఉండేది. ఇవతల ఎదుర్లంక, ఇంగ్లీషువాళ్ళ రాజ్యం. అవతల యానాం, ఫ్రెంచివాళ్ళది. మధ్యలో ఉన్నదల్లా గౌతమి పాయ ఒక్కటే. పాస్‌పోర్టు అక్కర్లేదు, విమానం అక్కర్లేదు, పడవవాడు దయతలిస్తే చాలు. ఇప్పుడు నా మనవలు సింగపూరు వెళ్ళడానికి పడే హైరానా చూస్తుంటే నాకు నవ్వొస్తుంది. మా తాతయ్య ఆ ఏరు దాటడానికి పడ్డ హైరానాలో ఇది నాలుగో వంతు కూడా ఉండదు.

రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన మరుసటి వేసవి అది. మాది ముమ్మిడివరానికి దగ్గర్లో ఒక పల్లె. నాకు పదమూడేళ్ళు, అన్నయ్యకి పదహారు. ఒకరోజు భోజనాల దగ్గర తాతయ్య, అందరం కలిసి యానాం వెళ్ళి మూడు రోజులుండి వద్దామన్నారు. పనేమీ లేదట, ఊరికే సరదాకట. మా ఇంట్లో అంతవరకు సరదాకి ఎవరూ ఎక్కడికీ వెళ్ళి ఎరగరు. పెళ్ళికి వెళ్ళేవారు, చావుకి వెళ్ళేవారు, కోర్టుకి వెళ్ళేవారు. సరదాకి ఎలా వెళ్ళాలో ఎవరికీ తెలియదు కనక తాతయ్య దాన్ని కూడా కోర్టు పనిలాగే మొదలుపెట్టారు.

పదిహేను రోజుల ముందు నుంచి జాబితాలు రాశారు. బండి ఎప్పుడు కట్టాలి, ఎద్దుల్ని ఎక్కడ విప్పాలి, ఏట్లోకి సముద్రం ఎగదన్నే పోటు ఎన్నింటికి, నీళ్ళు వెనక్కి లాగే పాటు ఎన్నింటికి. బస యానాంలో తాతయ్య చిన్ననాటి స్నేహితుడి ఇంట్లో. అయినా సరే అమ్మ బియ్యం, నూనె, ఆవకాయ, ఆఖరికి కుంపటి కూడా కట్టింది. అవి కాక కొబ్బరికాయల బస్తా, ఒక అరటిగెల. అన్నయ్య అట్లాసు చూసి యానాం పటం గీశాడు. మూడు ఫ్రెంచి మాటలు ఎక్కడో సంపాదించి పశువుల పాకలో నిలబడి గేదెల మీద ప్రయోగిస్తూ ఉండేవాడు. అరటిగెల పక్కన కూర్చుని విదేశానికి రానని మొండికేశాడు. దొరల ముందు పరువు పోతుందట. ఒకరింటికి చేతులూపుకుంటూ వెళ్తే మాత్రం పోదా పరువు, అని అమ్మ వాణ్ణి గెల పక్కనే కూర్చోబెట్టింది.

ఇంత సందడిలోనూ నాకు మాత్రం అన్నం సయించేది కాదు.

యానాం ప్రయాణమంటే ఆ రోజుల్లో మా వైపు ఆడపిల్లలకి ఇంకో అర్థం ఉండేది. చిన్నపిల్లలకి పెళ్ళిళ్ళు చెయ్యకూడదని ఇంగ్లీషువాళ్ళు చట్టం చేశారు. ఏరు దాటితే ఆ చట్టం చెల్లదు. అందుకని తొందరపడే పెద్దలు పిల్లని పడవెక్కించి, అవతల నాలుగు అక్షింతలు వేయించి, గప్‌చుప్‌గా తీసుకొచ్చేసేవారు. మా పక్కింటి అక్కని అలాగే తీసుకెళ్ళారు. దానికి అప్పుడు పదేళ్ళు. దొరల బజారు చూపిస్తామని, రిబ్బన్లు కొనిపెడతామని చెప్పారు. నాలుగో రోజున మెడలో పసుపుతాడుతో బండి దిగింది. రిబ్బన్లు కూడా కొనిపెట్టారు, పాపం. మర్నాడు తొక్కుడుబిళ్ళకి రమ్మని పిలవడానికి వెళ్తే వాళ్ళమ్మ నన్ను గుమ్మంలోంచే పంపేసింది.

మా వాళ్ళు అలాంటివాళ్ళు కాదని మొదట్లో ధైర్యం చెప్పుకున్నాను. అయితే ఒక మధ్యాహ్నం అమ్మ లేనప్పుడు పెట్టె మూత తీసి చూశాను. అడుగున, అందరి బట్టల కింద, ఆకుపచ్చ పట్టు పరికిణీ. కొత్తది, సరిగ్గా నా కొలతకి కుట్టింది. దాని పక్కన పసుపు, కుంకుమ, రవికె గుడ్డలు. అదే రోజు సాయంత్రం తాతయ్య నాన్నతో, "పిల్లకి ఇప్పుడే చెప్పకు" అనడం నా చెవిన పడింది. ఇంక నాకు అనుమానమేముంది?

అడగొచ్చు కదా అంటారు మీరు. పెద్దల్ని ఎందుకని అడగడం అప్పట్లో ఆడపిల్లలకి అలవాటు లేదు. అదొక్కటే కాదు, అడిగితే అవునంటారేమోనని భయం. అడగనంత సేపూ కాకపోవచ్చు అనుకోవడానికైనా వీలుంటుంది. అందుకని నేను చెయ్యగలిగింది ఒక్కటే చేశాను. నా బట్టల మూటలో లెక్కల పుస్తకం, తెలుగు వాచకం, చరిత్ర పుస్తకం పెట్టుకుని పైన లంగా చుట్టాను. ఆ ఏడు పరీక్షల్లో నేను క్లాసులో రెండోదాన్ని. ఆ సంగతి కొత్తవాళ్ళకి చెప్తే ఏమైనా జాలిపడతారేమోనని కూడా ఆలోచించాను.

మాతో పాటు మా అత్తయ్య కూడా వచ్చింది. నాన్నకి అక్క. ఆవిడకి తొమ్మిదో ఏట పెళ్ళయింది, పన్నెండో ఏట మా ఇంటికి తిరిగొచ్చేసింది. అప్పటి నుంచి తెల్లచీర, వంటిల్లు, జపమాల. శుభమా అని వెళ్తుంటే ఆవిడ ఎదురుపడకూడదని ఊళ్ళోవాళ్ళు అనేవారు. అది రాకపోతే నేనూ రానని తాతయ్య పట్టుబట్టి ఆవిణ్ణి మొట్టమొదట బండెక్కించారు.

తెల్లారేసరికి ఎదుర్లంక రేవులో ఉన్నాం. సామానంతా పడవలోకి ఎక్కింది, అరటిగెలతో సహా. నది నడుముకి వచ్చేసరికి అవతలి ఒడ్డున ఫ్రెంచివాళ్ళ మూడు రంగుల జెండా కనిపించింది. అన్నయ్య లేచి నిలబడి కేకలు వేశాడు. నేను అత్తయ్య చెయ్యి పట్టుకుని కూర్చున్నాను.

"చెయ్యి ఇంత చల్లగా ఉందేమ్మా? ఏరు చూసి భయమేస్తోందా?" అంది అత్తయ్య.

నేను ఆవిడ చెవి దగ్గరికి వంగి అడిగాను. "పెళ్ళికొడుకు బాగా పెద్దవాడా అత్తయ్యా?"

ఆవిడ నవ్వలేదు. ఎవరైనా నవ్వేవారే. నా చెయ్యి నొప్పెట్టేంత గట్టిగా పట్టుకుంది. అందరికీ వినపడేట్టు అంది: "నాన్నగారూ, దీన్ని యానాం ఎందుకు తీసుకెళ్తున్నారో దీనికి ఎవరైనా చెప్పేరా?"

అమ్మ తెల్లబోయింది. "సరదాకనే చెప్పేం కదండీ వదినగారూ."

"నాకూ పల్లకీ ఎక్కిస్తామనే చెప్పేరు" అంది అత్తయ్య.

అంతే అంది. కోపంగా కూడా అనలేదు. కానీ మా ఇంటికి తిరిగొచ్చాక అన్నేళ్ళలో ఆవిడ తన పెళ్ళి గురించి నోరు విప్పడం అదే మొదటిసారి. తాతయ్య కళ్ళజోడు తీసి కండువాతో తుడిచారు, మళ్ళీ పెట్టుకున్నారు, మళ్ళీ తీశారు. నా వల్ల పెద్ద గొడవ వచ్చిందని, ఇక నన్ను చివాట్లు పెడతారని అనుకున్నాను. ఆయన నాకేసి చూడకుండా పడవవాడితో, పడవ వెనక్కి తిప్పమన్నారు.

"ఆయ్, అదేటండి బాబూ! సగానికి పైగా వచ్చేసేం కదండి. ఇప్పుడు తిప్పితే పాటు లాగేత్తదండి, మళ్ళీ పోటెక్కేదాకా కదల్లేమండి."

"లాగనీ. తిప్పు."

అన్నయ్య దాదాపు ఏడ్చినంత పని చేశాడు. జెండా కూడా కనిపిస్తోంది తాతయ్యా, అని ఒకటే గోల. వాణ్ణి ఎవరూ పట్టించుకోలేదు.

ఎదుర్లంక ఒడ్డున మామిడి చెట్టు నీడలో తాతయ్య సామానంతా దింపించారు. కుంపటి బోర్లించి నన్ను దాని మీద కూర్చోమన్నారు. తను మాత్రం ఇసకలో చతికిలబడ్డారు. మా తాతయ్యని నేలమీద కూర్చోగా అంతకుముందు నేను చూడలేదు.

"తిరిగొచ్చేప్పుడు సుంకం వాళ్ళు ఎలాగూ మన మూటలు సోదా చేస్తారమ్మా. వాళ్ళకంటే ముందు నువ్వు చెయ్యి. ఏది ఎందుకు తెచ్చేమో అడుగు. అన్నిటికీ జవాబు చెప్తాను. అంతా చూసేక వెళ్దామంటే వెళ్దాం. వద్దంటే బండి కట్టిస్తాను, ఇంటికి పోదాం. నిన్ను ఎవరూ ఏమీ అనరు."

అమ్మ తనే వచ్చి పెట్టె తాళం తీసింది. పట్టు పరికిణీ ఎందుకని అడిగాను. తాతయ్య స్నేహితుడి దగ్గర ఫొటో తీసే పెట్టె ఉందట. మా అందరికీ కలిపి ఒక ఫొటో తీయించాలని తాతయ్య ఊహ. ముందే చెప్తే నేను పది రోజులూ అద్దం వదలనని ఆయనే నాన్నని చెప్పొద్దన్నారట. పసుపు, కుంకుమ, రవికె గుడ్డలు ఆ ఇంటి ఆడవాళ్ళకి ఇవ్వడానికి. అంత మామూలు సంగతి నాకెందుకు తట్టలేదో ఇప్పటికీ తెలియదు. భయం వేసినప్పుడు కుంకుమ భరిణ కూడా మరోలా కనిపిస్తుంది కాబోలు. ఒక్కొక్క జవాబూ వింటుంటే నా గుండెల మీద నుంచి ఒక్కొక్క బస్తా దించుతున్నట్టుండేది.

క్రమంగా నాకు ధైర్యం వచ్చింది. ధైర్యంతో పాటు కొంచెం పొగరు కూడా వచ్చింది. ఇన్ని కొబ్బరికాయలెందుకని గద్దించాను. అది మీ అమ్మనే అడుగు, నేనూ అదే అడుగుతున్నాను అన్నారు తాతయ్య. అన్నయ్య మూట విప్పితే నాన్న పెళ్ళినాటి కోటు బయటపడింది. ఫ్రెంచి దొరల కోసం ఎవరికీ చెప్పకుండా తెచ్చుకున్నాడు. ఆ ఎండలో ఉన్ని కోటు చూసి అత్తయ్య కళ్ళనీళ్ళు వచ్చేట్టు నవ్వింది.

అన్నీ అయ్యాక తాతయ్య నా మూటకేసి చూపించి, ఇది మిగిలిపోయిందేం, అన్నారు. నేను విప్పలేదు. ఆయనే విప్పారు. లంగా మడతలోంచి లెక్కల పుస్తకం జారి ఇసకలో పడింది. ఆ వెనక మిగతా రెండూ.

"ఇవెందుకు తల్లీ?"

"అటునుంచటే పంపించేస్తారేమో, అక్కడ చదువుకుందామని" అన్నాను.

నాన్న లేచి ఏటి వైపు వెళ్ళిపోయారు. తాతయ్య పుస్తకాలకంటిన ఇసక ఒక్కొక్కటే దులిపారు. మూట తిరిగి తన చేత్తోనే కట్టారు, ముడి రెండుసార్లు వేశారు. తర్వాత అత్తయ్యకేసి చాలాసేపు చూశారు. ఆవిడ తల వంచుకోలేదు. వాళ్ళిద్దరూ ఏమీ అనుకోలేదు గానీ, అక్కడ తప్పు ఒప్పుకున్నది ఎవరో, విన్నది ఎవరో పదమూడేళ్ళ దాన్ని నాకే అర్థమైంది.

"ఇప్పుడు చెప్పు. వెళ్దామా, మానేద్దామా?"

అందరూ నా నోటికేసి చూస్తున్నారు. అన్నయ్య రెండు చేతులూ జోడించేశాడు. నిజం చెప్పొద్దూ, జవాబు నాకు అప్పటికే తెలుసు. అయినా కాసేపు కావాలనే ఆలస్యం చేశాను. పుట్టి బుద్ధెరిగాక నా మాట కోసం ఎవరైనా ఆగడం అదే మొదలు, మరి తొందరపడి పాడుచేసుకోనా?

"ఆయ్, వెళ్దాం" అన్నాను.

పోటు మళ్ళీ అందుకునేసరికి మధ్యాహ్నం దాటింది. ఆలోగా అక్కడే పులిహోర విప్పారు. పదిరోజుల ఆకలి ఒక్కసారి తీర్చుకున్నాను. పడవవాడికి కూడా పెడితే, ఇలాటి బేరం రోజూ తగిలినా పర్లేదండి అన్నాడు.

యానాంలో ఆ మూడు రోజులూ పండగే. అన్నయ్య కోటు తొడుక్కుని, చెమటలు కక్కుకుంటూ, ఎర్రటోపీ పోలీసుకి ఫ్రెంచిలో నమస్కారం చెప్పాడు. ఆయన, "ఏ ఊరండీ బాబూ మీది?" అన్నాడు శుభ్రంగా మా భాషలోనే. వాడికి ఆ దెబ్బ నుంచి తేరుకోవడానికి ఒక పూట పట్టింది. అవే కొబ్బరిచెట్లు, అదే గోదారి, అదే తెలుగు. దీనికా ఇంత దూరం వచ్చాం అని సణిగినవాడు, పోస్టాఫీసులో ఫ్రెంచి స్టాంపులు దొరికాక దారిలోకి వచ్చాడు. నేను మాత్రం ప్రతి వీధి పేరూ తలెత్తి చదివాను. ఎవరైనా పెద్దమనిషి ఎదురుపడితే పెళ్ళికొడుకేమోనని దడుచుకోకుండా నడవడం ఎంత హాయిగా ఉందో! ఫొటో తీసేటప్పుడు తాతయ్య అత్తయ్యని తన పక్కన కుర్చీలో కూర్చోమన్నారు. ఆవిడ వద్దు వద్దంటూనే కూర్చుంది. సాయంత్రాలు ఆవిడ ఏటి గట్టున ఒక్కతే నడిచేది. అక్కడ ఎదురైనవాళ్ళెవరూ పక్కకి తప్పుకోలేదు.

తిరుగు పడవలో కూడా అత్తయ్య పక్కనే కూర్చున్నాను. సగం దూరం వచ్చాక ఆవిడ నా తల నిమిరింది.

"మన ఇంట్లో అడిగి పడవెక్కించిన మొదటి ఆడపిల్లవి నువ్వేనే" అంది.

ఆ గొంతులో అసూయ లేదు, దిగులు కూడా లేదు. చాలా కాలంగా మోస్తున్నదేదో దించి కూర్చున్న మనిషిలా అంది. ఆ తర్వాత నన్ను స్కూలు ఫైనలు దాకా చదివించారు. ఇరవై ఒకటో ఏట సంబంధం వచ్చినప్పుడు తాతయ్య మంచం మీదున్నారు. అయినా నన్ను దగ్గరికి పిలిచి, వెళ్తావా అమ్మా, అని అడిగి, నేను అవునన్నాకే వాళ్ళకి కబురు పంపించారు.

ఇప్పుడు మా ఇంట్లో ప్రయాణాల హడావిడి మొదలైతే పటాలు, జాబితాలు, టిక్కెట్లు అన్నీ పిల్లల తల్లిదండ్రులే చూసుకుంటారు. నేను మాత్రం మూతి ముడుచుకుని మూల కూర్చున్న పిల్ల ఎవరో, పిల్లవాడు ఎవరో వెతుక్కుని వాళ్ళ పక్కన చేరతాను. ఎక్కడికి, ఎందుకు వెళ్తున్నామో ఉన్నదున్నట్టు చెప్తాను. టిక్కెట్లు దండగైనా ఫర్వాలేదు, నీకు ఇష్టం లేకపోతే ఎక్కడి నుంచైనా వెనక్కి తిరుగుదాం అంటాను. ఊరికే అనను, తిరగడానికి సిద్ధపడే అంటాను. అలా చెప్పాక వెనక్కి తిరుగుదామన్న వాళ్ళు మా ఇంట్లో ఇంతవరకు ఒక్కరూ లేరు.